తప్పులక్కయ్య కొన్న బంగారు వాచీ

ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడలేదు. ప్రెస్సులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ తప్పులక్కయ్యే. తప్పులు చేస్తుందని కాదు, పట్టుకుంటుందని. ముప్ఫై మూడేళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. చదివింది పల్లెటూరి బళ్ళో అయిదో తరగతి. అయితేనేం! డాక్టర్లు రాసిన పుస్తకాలు, లాయర్లు రాసిన పుస్తకాలు, పేరు వెనక నాలుగేసి డిగ్రీలున్న ప్రొఫెసర్లు రాసిన పుస్తకాలు ఆవిడ వేళ్ళ మీదుగానే లోకంలోకి వచ్చాయి. అచ్చుకి అక్షరాల్ని తిరగేసి పేరుస్తారు. అలా తిరగేసిన పేజీని ఆవిడ మనం పేపరు చదివినంత ధారాళంగా చదివేది. ఒకసారి ఒక ప్రొఫెసరుగారు "నా రాతలో తప్పు దొరికితే చూపించమ్మా" అని మీసం దువ్వుకున్నారు. మొదటి పేజీలో ఆయన తన పేరే తప్పు రాసుకున్న సంగతి చూపించింది. ఆ తరవాత ఆయన ఏ పుస్తకం తెచ్చినా మేనేజరు గదికి వెళ్ళకుండా తిన్నగా ఆవిడ బల్ల దగ్గరికే వచ్చేవారు. మీసం జోలికి మాత్రం పోయేవారు కాదు.

విదేశీ అక్షరాలు కూడా పేర్చేది. చదవటం రాదు, పేర్చటం వచ్చు. ఏ అక్షరానికి పొట్ట ఎంత ఉండాలో, ఏ అక్షరానికి కాలు ఎక్కడ ఆగాలో ఆవిడ చూపుకి తెలుసు. చదవటం వచ్చిన కుర్రకారు చేసిన పేజీలో పదహారు తప్పులుంటే చదవటం రాని ఆవిడ పేజీలో ఒకటి కూడా ఉండేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పేది కాదు, ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన వాళ్ళెవరినైనా అడగవచ్చు.

ఆ ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉండేది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నిండిన వాళ్ళకి యజమాని స్వయంగా బంగారు వాచీ తొడిగేవాడు. సన్నటిది, కీ ఇచ్చుకునేది, చొక్కా చేతి అంచు కింద ఇమిడిపోయేది. మిషను మీద పనిచేసినాయనకి తొడిగాడు. బైండింగు పెద్దాయనకి తొడిగాడు. ముప్ఫై ఏళ్ళూ గేటు దగ్గర కునికిపాట్లు పడిన వాచ్‌మన్‌కీ తొడిగాడు. తప్పులక్కయ్య వంతు వచ్చేసరికి గోడ గడియారం తెచ్చిపెట్టారు.

"ఆడవాళ్ళకి వాచీ ఇవ్వాలని రూలు లేదమ్మా," అన్నాడు మేనేజరు. "గడియారమైతే ఇంటిల్లిపాదీ చూసుకుంటారు కదా."

"ఇక్కడ పనిచేసింది ఇంటిల్లిపాదీనా, నేనొక్కదాన్నా?"

ఆవిడ గడియారాన్ని ఆయన బల్ల మీదే వదిలేసి తన పనికి తాను వెళ్ళిపోయింది. దాన్ని వాళ్ళు ఆఫీసు గోడకి తగిలించుకున్నారు. ఇంకో మూడేళ్ళు పనిచేసింది కానీ ఒక్కనాడూ తలెత్తి దాని వంక చూడలేదు. సైరన్ విని వచ్చింది, సైరన్ విని వెళ్ళింది.

అలాంటి మనిషి అరవై మూడో ఏట, అల్లుడి ఇంట్లో, పొద్దున్నే టీ తాగుతూ ప్రకటించింది. "నేను వాచీ కొనుక్కుంటాను. బంగారుది. ప్రెస్సులో తొడిగేవాళ్ళే, అలాంటి పాతకాలం వాచీ. నేను దాచుకున్న డబ్బుతో."

కూతురు గిన్నె చేత్తో పట్టుకునే ఆగిపోయింది. "ఇప్పుడు నీకు టైముతో ఏం పనమ్మా?"

"టైముతో పని లేదు. వాచీతో పని."

"పాత వాచీలంటే అన్నీ మోసాలేనటమ్మా. పైన ఒకరిది, లోపల ఒకరిది."

"అందుకే చూసి కొంటాను. నేను చేసిన ముప్ఫై మూడేళ్ళూ అబద్ధం కాదు. దానికి గుర్తుగా చేతికి పెట్టుకునే దాంట్లో అబద్ధం ఉండటానికి వీల్లేదు. ఉన్నదేదో ఉన్నట్టు ఉండాలి."

అల్లుడు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. మంచివాడు. మంచితనం ఎక్కువై అప్పుడప్పుడు ఎదుటివాళ్ళ కొంప ముంచుతాడు, అంతే. అత్తగారు వాచీ మాట ఎత్తిన మరుక్షణం నుంచి ఫోనులో మునిగిపోయాడు. వారం తిరిగేసరికి పాత వాచీల మీద అతనికి తెలియని విషయం లేదు.

"అత్తయ్యా, ముందుగా డయలు చూడాలి. డయలు ఎంత శుభ్రంగా ఉంటే వాచీ అంత బాగా చూసుకున్నట్టు. పైగా సర్టిఫికెట్టు ఉండాలి. ఈ రెండూ ఉంటే కళ్ళు మూసుకుని కొనచ్చు."

"నేను కళ్ళు తెరుచుకునే కొంటాను బాబూ," అంది తప్పులక్కయ్య.

పాత వాచీల దుకాణం ఒక సన్నటి సందులో, తాళాలు బాగుచేసే కొట్టుకీ కళ్ళద్దాల కొట్టుకీ మధ్య ఉంది. ముందు భాగంలో గాజు పెట్టెలు, వాటి వెనక ఇస్త్రీ చొక్కాలో షావుకారు. చెక్క అడ్డు వెనక, కిటికీ పక్కన, కంటికి భూతద్దం బిగించుకుని బల్ల మీదకి వంగిన ముసలి మెకానిక్కు. అతని వీపు తప్ప ఏమీ కనపడదు.

షావుకారు వాళ్ళని చూడగానే అల్లుడి వైపు తిరిగాడు. "రండి సార్, మీకేనా?"

"నాకు," అంది తప్పులక్కయ్య.

"ఓ, మీకా అమ్మగారూ! లేడీస్‌వి ఇటుపక్క ఉన్నాయి. చిన్నవి, ముద్దుగా ఉంటాయి."

"ముద్దు చెయ్యటానికి మనవరాలుంది. అటుపక్కవి చూపించండి."

షావుకారు నవ్వేసి, నీలం గుడ్డ పరిచి, దాని మీద ఒక వాచీ పెట్టాడు. ధగధగ మెరిసిపోతోంది. డయలు పాలలా తెల్లగా ఉంది. పక్కన బంగారు అంచు వేసిన సర్టిఫికెట్టు. అల్లుడి మొహం వెలిగిపోయింది. "అత్తయ్యా, సరిగ్గా ఇదే! అరవై ఏళ్ళ వాచీ అంటే నమ్ముతారా?"

"నమ్మను," అంటూ ఆవిడ సంచీలోంచి మడత భూతద్దం తీసింది. ప్రెస్సులో అచ్చు చూసుకోవటానికి వాడిందే. వాచీని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. సందులో ఒక సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది. షావుకారు వేళ్ళతో గాజు మీద తాళం వేశాడు.

"డయలు మళ్ళీ రాయించారు," అంది.

తాళం ఆగింది. "అమ్మగారూ, అదెలా చెప్పగలరు? కంపెనీ డయలు అది."

"ఈ పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చింది. మొదటిదాని కాలు పొట్టి. రెండోదాని పొట్ట లావు. ఒక మూసలోంచి వచ్చిన అక్షరాలు కవలపిల్లల్లా ఉంటాయి. ఇవి ఇరుగుపొరుగు పిల్లల్లా ఉన్నాయి. కింద నిమిషాల గీతలు చూడండి, ఆరు దగ్గరికి వచ్చేసరికి రాసినవాడికి చోటు చాలక ఇరుక్కున్నాయి. అచ్చువేసే వాడికి చోటు చాలకపోవటం ఉండదు, ముందే కొలుచుకుంటాడు."

"అది విదేశీ భాషమ్మా. మీకు చదవటం వచ్చా?"

"రాదు. చదవటం వచ్చినవాళ్ళు మాటని చూసి ముందుకి పోతారు. నేను అక్షరం దగ్గర ఆగుతాను."

అడ్డు వెనక మెకానిక్కు వీపు కొంచెం కదిలింది.

షావుకారు సర్టిఫికెట్టు ముందుకి జరిపాడు. "దీన్ని కూడా కాదంటారా?"

"ఎవరిచ్చారిది?"

"మా దుకాణమే."

"మీ సరుకుకి మీరే సర్టిఫికెట్టా! అలా అయితే మా అమ్మాయంత గుణవంతురాలు భూలోకంలో లేదని నేనూ రాసిస్తాను. సాక్షి సంతకం మా అల్లుడు పెట్టాలి మరి."

"నన్నెందుకు ఇరికిస్తారు అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

ఆవిడ చూపు అప్పటికే గాజు పెట్టె కింది అరలో ఉన్న ఇంకో వాచీ మీద ఉంది. డయలు పాత పుస్తకం కాగితంలా పసుపు తిరిగింది. నాలుగు దగ్గర కందిగింజంత మచ్చ. పట్టీ తెగిపోయింది.

"అది రిపేరు సరుకమ్మా. పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. మీలాంటి వాళ్ళకి అమ్మితే నా పరువు పోతుంది."

"నా చేతికి ఇవ్వండి. మీ పరువు సంగతి తరవాత చూద్దాం."

భూతద్దం కింద ఆ రెండు అక్షరాలూ కవలలే. ఒకే కాలు, ఒకే పొట్ట. గీతలన్నీ వరస తప్పకుండా నిలబడ్డాయి. పట్టీ తగిలించే నాలుగు కొమ్ముల అంచులూ నిన్న కోసినట్టు పదునుగా ఉన్నాయి. ఎవరూ మెరుగు పేరుతో వాటిని అరగదీయలేదు. తప్పులక్కయ్య ఆ సంతోషాన్ని మొహంలో కనపడనివ్వలేదు.

"వెనక మూత తీయించండి."

"మూతలు తీయమమ్మా. లోపలికి దుమ్ము పోతుంది."

"లోపల బంగారం ముద్ర చూడాలి."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఇప్పుడేగా ఒక తెల్ల డయలు చూపించారు."

ఆవిడ అక్కడున్న ఎత్తు స్టూలు లాక్కుని కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "తీసేదాకా కూర్చుంటాను. నాకు తొందరేం లేదు, రిటైరయ్యాను." ఒకళ్ళిద్దరు కొనటానికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకోకుండా "ఏంటమ్మా గొడవ?" అని అడిగారు. ఆవిడ దాచుకోకుండా డయలు కథంతా మొదటినుంచి చెప్పింది. మూడో మనిషి గుమ్మం ఎక్కుతుంటే షావుకారు గబగబా వాచీ తీసుకుని అడ్డు వెనక్కి అందించాడు.

మెకానిక్కు మూత తీసి, ఇటు తిరిగి, అరచేతిలో పెట్టి చూపించాడు. ఎండిపోయిన మొహం, తడిగా మెరిసే కళ్ళు. మూత లోపల బంగారం ముద్ర స్పష్టంగా ఉంది. దాని చుట్టూ సూదితో గీరినట్టు సన్నటి గుర్తులు.

"ఇవేంటన్నా?"

"ఎప్పుడెప్పుడు ఎవరు విప్పి బాగుచేస్తే వాళ్ళు పెట్టుకునే గుర్తులక్కా. ఇలా గీరటం మా పనిలో అలవాటు. అయిదుగురి చేతులు పడ్డాయి దీని మీద."

"ప్రూఫు చూసినవాళ్ళ సంతకాలన్న మాట," అని మురిసిపోయింది. తరవాత సూటిగా అడిగింది. "ఇందులో పుట్టుకతో రానిది ఏదైనా ఉందా? నాకైతే అన్నీ సొంతవే అనిపిస్తున్నాయి."

మెకానిక్కు షావుకారు వంక చూశాడు. షావుకారు వీధి వంక చూశాడు. "కీ ఇచ్చే బుడిపె ఇంకో వాచీదక్కా. మిగతాదంతా సొంతమే."

తప్పులక్కయ్య మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ బుడిపెని తానూ చూసింది, తేడా తనకి అందలేదు. అక్షరం లేని చోట తన కన్ను పనిచేయలేదన్న మాట. "సరే, నేను చూడలేకపోయాను, నువ్వు చెప్పావు. ఉన్నదున్నట్టు చెప్పావు కాబట్టి కొంటాను," అంది. బేరం ముగిసేసరికి షావుకారు చెమట తుడుచుకున్నాడు, అల్లుడు మంచినీళ్ళు అడిగాడు.

నాలుగు రోజులు ఇంట్లో వాచీ పది నిమిషాలు నడవటం, ఆగటం, ఆవిడ మళ్ళీ కీ ఇవ్వటం. అయిదో రోజు అల్లుడి చేతికిచ్చింది. "లోపల శుభ్రం చేసి నూనె వెయ్యమను. కొత్త పట్టీ వేయించు. బయట మాత్రం వేలు కూడా పెట్టొద్దని చెప్పు."

"అలాగే అత్తయ్యా."

చెప్పాడు కూడా. కానీ షావుకారు అతన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా అన్నాడు. "సార్, పెద్దావిడ మనసుపడి కొనుక్కున్నారు. ఆ మచ్చల డయలు చూస్తే నాకే బాధేస్తోంది. ఉచితంగా డయలు రాయించి, కేసుకి మెరుగు పెట్టిస్తాను. కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. మీరు తొడిగి ఆవిడని ఆశ్చర్యపరచండి." అల్లుడికి కళ్ళ ముందు అత్తగారి సంతోషం కదలాడింది. సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ రహస్యం అతని కడుపులో నిలవలేదు. "సాయంత్రానికి చూడు మీ అమ్మ వాచీ ఎలా తయారవుతుందో. ఆ మచ్చా గిచ్చా ఏమీ ఉండదు," అని పెళ్ళాం చెవిలో వేశాడు. చెవిలో వేశానని అతను అనుకున్నాడు. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న తప్పులక్కయ్యకి ప్రతి అక్షరం వినపడింది.

మడతపెడుతున్న దుప్పటి కిందపడింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగేసింది. "అత్తయ్యా! అత్తయ్యా, ఆగండి!" అంటూ అల్లుడు కడగని చేత్తో, ఒక కాలికే చెప్పుతో వెనకాలే పరుగు.

దుకాణంలోకి అడుగుపెట్టేసరికి మెరుగు పెట్టే మోటారు చక్రం గుయ్యిమంటోంది. "ఆపు!" అని ఆవిడ కేకేసిన కేకకి కళ్ళద్దాల కొట్టువాడు కూడా తొంగిచూశాడు. చక్రం ఆగింది. డయలు విడిగా ఒక కాగితం కవరులో ఉంది, రాసేవాడి దగ్గరికి వెళ్ళటానికి సిద్ధంగా. అది బతికింది. కానీ కేసు ఎడమవైపు కింది కొమ్మును అప్పటికే చక్రం తినేసింది. మిగతా మూడూ పదునుగా ఉంటే అదొక్కటి చప్పరించిన బిళ్ళలా గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది.

ఆవిడ దాన్ని వేలితో తడిమింది. "దీన్ని మళ్ళీ మొదటిలా చెయ్యగలవా అన్నా?"

"పోయిన బంగారం మళ్ళీ రాదక్కా." మెకానిక్కు తల దించుకున్నాడు. "మీరే చెయ్యమన్నారని షావుకారుగారు చెప్పారు. నాకు చేతులు రాలేదు. అందుకే డయలు రేపు పంపుదామని పక్కన పెట్టాను."

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాడు అల్లుడు. అతని మొహం చూస్తే పగవాడికైనా జాలేస్తుంది. "మీరు సంతోషపడతారనుకున్నాను."

షావుకారు మధ్యలో దూరాడు. "ఇంతలో మునిగిందేముందమ్మా! మిగతా మూడూ ఇలాగే చేస్తే నాలుగూ సమానమైపోతాయి. ఎవరూ కనిపెట్టలేరు. డయలు కూడా రాయిస్తే..."

"ఒక తప్పు కనపడకుండా ఇంకో నాలుగు తప్పులా?" ఆవిడ గొంతు పెద్దదేం కాలేదు, గట్టిపడింది. "ముప్ఫై మూడేళ్ళు దిద్దానయ్యా నేను. ఎంతెంత మహానుభావులు రాసినవో దిద్దాను. రాసినవాడి మాట నాకు నచ్చినా నచ్చకపోయినా ఒక్కటి మార్చలేదు. దిద్దటం వేరు, మార్చటం వేరు. నువ్వు మార్చేవాడివి. మార్చి దానికి సర్టిఫికెట్టు ఇచ్చేవాడివి. డయలు ఎలా ఉందో అలా బిగించు అన్నా. మచ్చతో సహా."

"మరి ఈ కొమ్ము?" అన్నాడు అల్లుడు బిక్కమొహంతో. "మీరేగా అత్తయ్యా, దీంట్లో అబద్ధం ఉండకూడదన్నారు. ఇప్పుడిది..."

"పుస్తకం అచ్చయ్యాక తప్పు కనపడితే ఏం చేస్తాం? పుస్తకాన్ని తగలబెడతామా? తప్పొప్పుల పట్టిక వేసి చివర అంటిస్తాం. తప్పుతో వచ్చిన పుస్తకం అబద్ధం కాదు బాబూ. పట్టిక వెయ్యకపోతే అబద్ధం. కాగితం ఇవ్వండి షావుకారుగారూ. మీ దుకాణం పేరున్న కాగితం."

షావుకారు ఇవ్వనన్నాడు. ఆవిడ స్టూలు వైపు చూసింది. కాగితం వచ్చింది.

మెకానిక్కు డయలు బిగిస్తున్నంతసేపూ ఆవిడ గుండ్రటి అక్షరాలతో, ఎడంగా, కొట్టివేత లేకుండా రాసింది:

"తప్పొప్పుల పట్టిక. ఒకటి: కీ ఇచ్చే బుడిపె ఇంకో వాచీది. రెండు: ఎడమవైపు కింది కొమ్ము అరిగింది. కారణం అల్లుడి ప్రేమ, షావుకారు సలహా. ఇవీ, కొత్త పట్టీ తప్ప మిగతా వాచీ అంతా పుట్టినప్పటిది."

"నా పేరెందుకమ్మా అందులో?" అని షావుకారు గోల పెట్టాడు. "ఇది ఎవరైనా చూస్తే నా వ్యాపారం ఏం కావాలి?"

"ఉన్నమాటే రాశాను. ఇందులో తప్పుంటే చూపించండి, దిద్దుతాను."

షావుకారు రెండుసార్లు చదివాడు. చూపించటానికి తప్పు దొరకలేదు. పళ్ళు కొరుకుతూ సంతకం పెట్టాడు. అల్లుడు ఎవరూ అడక్కుండానే కలం అందుకుని "ప్రేమ" అన్న మాట పక్కన తన సంతకం పెట్టాడు. మెకానిక్కు వెనక మూత బిగించబోతూ ఆగి, సూది తీసుకుని, లోపల అయిదు గుర్తుల పక్కన ఆరోది గీరాడు. ఆ తరవాత మూత నొక్కి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఆవిడకి రెండు చేతులతో అందించాడు.

కొత్త పట్టీ ఆవిడ మణికట్టుకి వదులైంది. మెకానిక్కు ఇంకో రెండు చిల్లులు పొడిచాడు. సీసం పట్టుకుని పట్టుకుని నల్లబడిన వేళ్ళ పైన, పసుపు తిరిగిన డయలుతో, మూడు పదును కొమ్ములూ ఒక మొండి కొమ్ముతో వాచీ కుదురుగా కూర్చుంది. ఆవిడ చెయ్యి చాచి, తిప్పి, మళ్ళీ తిప్పి చూసుకుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

అంతసేపూ గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్న కళ్ళద్దాల కొట్టువాడికి నోరు ఊరుకోలేదు. "అంతా బాగానే ఉంది కానీ పెద్దమ్మా, అది మగవాళ్ళ వాచీ కదా?"

తప్పులక్కయ్య మెట్టు దిగబోతూ అతని వైపు తిరిగింది. వాచీ ఉన్న చేతిని అతని ముక్కుదాకా చాచింది.

"దీని మీదున్న ప్రతి అక్షరం భూతద్దం పెట్టి చూశాను నాయనా. ఆ మాట ఎక్కడా రాసి లేదు."